గ్లాస్గోలో దిగాక మొదటి మూడు నెలలు: ఏది ముందు చేయాలి, ఏది తర్వాత

చదువుకోవడానికి స్కాట్లాండ్‌లోని గ్లాస్గోకి వస్తున్నారా? అయితే ఇక్కడ ఇంటి నంబర్ చదవడం విమానం ఎక్కకముందే నేర్చుకుని రండి. నేను నేర్చుకోలేదు. సెప్టెంబర్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి, ఒక్కోటి 23 కేజీలున్న రెండు సూట్‌కేసులు ఈడ్చుకుంటూ, సీనియర్ వాట్సాప్‌లో పంపిన "ఫ్లాట్ 2/1" అన్న అడ్రస్ పట్టుకుని మొదటి అంతస్తులో ఒక తలుపు కొట్టాను. మన డోర్ నంబర్లలో ఇలాంటి గీతలు బోలెడుంటాయి కదా, ఇదీ అంతేలే అనుకున్నా. డ్రెస్సింగ్ గౌన్‌లో ఉన్న ఒక పెద్దావిడ తలుపు తీసి, నన్నూ సూట్‌కేసులనూ ఎగాదిగా చూసి ఏదో అంది. అందులో "సన్" అన్న ఒక్క మాటే నాకు అర్థమైంది. ఆవిడ చెయ్యెత్తి పైకి చూపించాక గానీ విషయం బుర్రకెక్కలేదు.

గీతకి ముందున్నది అంతస్తు, తర్వాతున్నది ఆ అంతస్తులో తలుపు. 2/1 అంటే రెండో అంతస్తు, ఒకటో తలుపు. కింద అంతస్తుకి 0 అనో జీ అనో రాస్తారు. ఈ పాత రాతి బిల్డింగుల్ని టెనెమెంట్లు అంటారు, చాలావాటికి లిఫ్ట్ ఉండదు. మెట్లున్న ఉమ్మడి దారి పేరు "క్లోజ్". ఎవరైనా "క్లోజ్ డోర్" అంటే తలుపు మూయమని కాదు, వీధి తలుపు గురించి మాట్లాడుతున్నారని. కాబట్టి ఇల్లు వెతికేటప్పుడు 3/2 అని కనిపిస్తే, బియ్యం బస్తా కూడా అన్ని మెట్లూ మీరే ఎక్కించాలని గుర్తుంచుకోండి.

ఇక కింద రాసిన వరుస, నేను మొత్తం తలకిందులుగా చేసి, దెబ్బ తిని, తర్వాత సర్దుకున్న వరుస. మీరు మొదటిసారే సరిగ్గా చేయండి.

మొదటి పని: మీ పేరు మీద కాగితం ఉన్న ఇల్లు

ఇండియాలో ఉండగానే, ఫొటోలు చూసి, గ్రూపుల్లో పరిచయమైన మనిషికి అడ్వాన్స్ పంపొద్దు. ఎంత తియ్యగా మాట్లాడినా, ఎంత తెలుగువాడైనా సరే. మొదటి రెండు వారాలకి యూనివర్సిటీ హాల్లోనో (ఇక్కడ హాస్టల్‌ని హాల్ అంటారు), తెలిసినవాళ్ల ఇంట్లోనో దిగి, అక్కడి నుంచి కాళ్లరిగేలా తిరిగి, కంటితో చూసి తీసుకోండి.

మనవాళ్లలో ఎక్కువగా జరిగేది ఏంటంటే, ఒకరి పేరు మీద ఇల్లు, అందులో ఐదుగురు సర్దుకోవడం. నెలకి కొంత మిగులుతుంది, నిజమే. కానీ మీ పేరు ఎక్కడా ఉండదు. పేరు లేకపోతే అడ్రస్ ప్రూఫ్ లేదు, అది లేకపోతే సగం పనులు ముందుకి కదలవు, పైగా రేపు గొడవొస్తే బ్యాగులు బయట పెడతారు, అడిగే నాథుడు ఉండడు. బంధుత్వం లేని ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది ఉండే ఇంటికి ఓనర్ హెచ్ఎంఓ లైసెన్స్ తీసుకోవాలి. ఆ లైసెన్స్ ఉందా అని మొహమాటపడకుండా అడగండి. ఓనర్ల రిజిస్టర్ కూడా ఆన్‌లైన్లో ఉంటుంది, అడ్రస్ కొట్టి చూసుకోవచ్చు.

స్కాట్లాండ్ అద్దె చట్టం ఇంగ్లండ్‌ది కాదు. లండన్‌లో ఉన్న అన్నయ్య చెప్పింది ఇక్కడ పని చేయదు. 2017 డిసెంబర్ నుంచి ఇక్కడ మామూలు ఇళ్లకి ప్రైవేట్ రెసిడెన్షియల్ టెనెన్సీ అనే ఒప్పందం ఉంటుంది. దానికి ముగింపు తేదీ ఉండదు, మీరు వెళ్లిపోవాలనుకుంటే 28 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్తే చాలు. డిపాజిట్ రెండు నెలల అద్దెకి మించకూడదు. అద్దె, డిపాజిట్ తప్ప అడ్మిన్ ఫీజు, రిఫరెన్స్ ఫీజు అంటూ ఏం అడిగినా చట్టవిరుద్ధం. ఒక్క మాట: యూనివర్సిటీ హాల్స్‌కీ, స్టూడెంట్ల కోసమే కట్టిన పెద్ద ప్రైవేట్ బిల్డింగులకీ ఈ 28 రోజుల వెసులుబాటు అలాగే వర్తిస్తుందని అనుకోకండి. అక్కడ సంతకం పెట్టారంటే ఆ ఏడాది అద్దె మొత్తానికీ ఇరుక్కున్నట్టే, కాబట్టి ముందు ఒప్పందం చివరిదాకా చదవండి.

డిపాజిట్ ఓనర్ జేబులో ఉండకూడదు. అద్దె మొదలైన 30 పని దినాల్లో సేఫ్‌డిపాజిట్స్ స్కాట్లాండ్ లాంటి ప్రభుత్వ ఆమోదం ఉన్న మూడు స్కీముల్లో ఒకదానిలో పెట్టాలి, పెట్టినట్టు మీకు మెయిల్ రావాలి. నా మొదటి ఓనర్ పెట్టలేదు. రెండు నెలలు "చేస్తున్నా, చేస్తున్నా" అన్నాడు. చివరికి ఒక సీనియర్ చెప్పినట్టు, డిపాజిట్ పెట్టకపోతే అద్దె గొడవలు తేల్చే ట్రైబ్యునల్ దానికి మూడు రెట్ల దాకా కట్టించొచ్చని నాకు తెలుసని మర్యాదగా రెండు లైన్ల మెయిల్ రాశాను. వారం తిరక్కుండా స్కీమ్ నుంచి మెయిల్ వచ్చింది.

తాళం చేతికి రాగానే, సూట్‌కేస్ విప్పకముందే, కరెంట్ మీటర్, గ్యాస్ మీటర్ రీడింగ్, గోడల మీద బూజు, పరుపు మీద మరకలు, విరిగిన సొరుగు, అన్నీ ఫొటో తీసి అదే రోజు ఓనర్‌కి మెయిల్ చేయండి. వాట్సాప్‌లో కాదు, మెయిల్.

కౌన్సిల్ ట్యాక్స్ (నగరపాలక సంస్థకి కట్టే ఇంటి పన్ను) ఉత్తరం వస్తే చెత్తబుట్టలో వేయకండి. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లైతే కట్టక్కర్లేదు, కానీ అది దానంతటదే జరగదు, మీరు అప్లై చేయాలి. స్టూడెంట్ కాని మనిషి ఒక్కడు చేరినా బిల్లు మొదలవుతుంది, పావు వంతు తగ్గింపుతో. ఎవరూ చెప్పని ఇంకో సంగతి, ఏడాది మాస్టర్స్ సెప్టెంబర్‌లో అయిపోతుంది, వీసా జనవరి దాకా ఉంటుంది. ఆ మధ్య నెలల్లో మీరు వీసా లెక్కలో స్టూడెంటే గానీ ట్యాక్స్ లెక్కలో కాదు. దానికి కొంత డబ్బు పక్కన పెట్టుకోండి.

అదే వారంలో చేయాల్సినవి

ఈ-వీసా అకౌంట్‌లోకి వెళ్లి పేరు, పాస్‌పోర్ట్ నంబర్, చివరి తేదీ సరిపోయాయో లేదో చూసుకోండి. మన ఇంటిపేరు ముందుంటుంది కదా, అది ఎక్కడెక్కడ ఎలా ఎక్కిందో గమనించండి. బ్యాంకులో ఒకలాగ, యూనివర్సిటీలో ఒకలాగ ఉంటే తర్వాత తలనొప్పి. మీకు పని చేసే హక్కు ఉందో లేదో చూడటానికి ఉద్యోగమిచ్చేవాళ్లు అడిగే షేర్ కోడ్ ఇక్కడి నుంచే తీయాలి. జీతం, పన్ను లెక్కలకి వాడే నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్‌కి ఆన్‌లైన్లో అప్లై చేయండి. అది ఉచితం, చేసిపెడతామని డబ్బడిగేవాళ్లని నమ్మొద్దు. పని చేసే హక్కు మీకుంటే, ఆ నంబర్ వచ్చేలోపే పనిలో చేరొచ్చు కూడా.

డాక్టర్ దగ్గర, అంటే మీ ఏరియా జీపీ దగ్గర, ఒంట్లో బాగున్నప్పుడే రిజిస్టర్ చేసుకోండి. వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్లు హెల్త్ సర్‌ఛార్జ్ కట్టే వచ్చారు, వాడుకోండి. 2011 నుంచి స్కాట్లాండ్‌లో డాక్టర్ రాసిన మందులు ఉచితం. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉన్న మా పిన్ని కొడుకు ఒక్కో మందుకి 9.90 పౌండ్లు కడతాడు, ఇది చెప్పినప్పుడల్లా ఏడుస్తాడు. కంటి పరీక్ష ఉచితం. 26 ఏళ్లు నిండనివాళ్లకి ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) పళ్ల వైద్యం కూడా ఉచితమే, కాకపోతే కొత్తవాళ్లని చేర్చుకునే డెంటిస్ట్ దొరకడం గగనం. చిన్నచిన్న వాటికి జీపీ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా నేరుగా మందుల షాపుకి వెళ్లి ఫార్మసీ ఫస్ట్ అని చెప్పండి, చూసి ఇస్తారు. జీపీ మూసి ఉండే రాత్రిపూట, సెలవు రోజుల్లో 111కి ఫోన్ చేయండి. ప్రాణం మీదికొస్తే 999.

మీకు 22 ఏళ్లు నిండలేదా? స్కాట్లాండ్ అంతా బస్సు ఉచితం. ఇక్కడ ఉంటున్న 5 నుంచి 21 ఏళ్ల వాళ్లకి 2022 జనవరి 31 నుంచి ఇస్తున్నారు, కార్డు కోసం అప్లై చేయాలి, దానికే ఆ అడ్రస్ ప్రూఫ్ కావాలి. బీటెక్ అవ్వగానే వచ్చినవాళ్లకి కొన్ని నెలలైనా పనికొస్తుంది, కాబట్టి పుట్టినరోజు దగ్గర పడేదాకా ఆగకండి. బస్సు స్టాప్‌లో నిలబడితే ఆగదు, చెయ్యి చాపాలి. దిగేటప్పుడు డ్రైవర్‌కి "చీర్స్" చెప్పాలి, అందరూ చెప్తారు, మీరు చెప్పకపోతే మీకే ఎలాగో ఉంటుంది. 22 నిండినవాళ్లకి సబ్‌వే, అంటే భూగర్భ రైలు, ఉంది. 1896 నుంచి నడుస్తోంది, మొత్తం 15 స్టేషన్లు, గుండ్రంగా ఒకే చుట్టు. నిద్రపోయినా భయం లేదు, ఇరవై నాలుగు నిమిషాల్లో ఎక్కిన చోటికే వస్తారు. ఎడిన్‌బరా వెళ్లే రైలుకి ఒకప్పుడు పొద్దున, సాయంత్రం ఎక్కువ ఛార్జీ ఉండేది. 2025 సెప్టెంబర్ 1 నుంచి స్కాట్‌రైల్‌లో అది తీసేశారు.

పోపు పెట్టడం ఎలా

నవ్వకండి, ఇది సీరియస్. నేను హాల్లో ఉన్న పది రోజుల్లో ఒక రాత్రి పదిన్నరకి పప్పులోకి పోపు పెట్టాను. ఎలక్ట్రిక్ పొయ్యి మీద నూనె ఎప్పుడు కాగిందో తెలియలేదు, ఆవాలు వేయగానే చిటపటలు, ఎండుమిర్చి నల్లబడి ఘాటు పొగ లేచింది, తలుపు తీసి దగ్గుతూ కారిడార్‌లోకి వచ్చాను. పొగ కూడా నాతోపాటే వచ్చింది. అంతే, బిల్డింగ్ మొత్తం అలారం. వర్షంలో, నైట్‌డ్రెస్సుల్లో, ఒకడైతే తల నిండా షాంపూ నురగతో, అందరూ రోడ్డు మీద. ఫైర్ ఇంజిన్ వచ్చింది. నా చేతిలో గరిటె ఉందని నాకు తర్వాత తెలిసింది.

బయట ఇల్లు తీసుకున్నా తప్పించుకోలేరు. 2022 ఫిబ్రవరి నుంచి స్కాట్లాండ్‌లో ప్రతి ఇంట్లో ముందు గదిలో, నడవలో పొగ అలారం, వంటగదిలో వేడి అలారం ఉండాలి, పైగా అన్నీ ఒకదానికొకటి కలిపి ఉండాలి, అంటే ఒకటి మోగితే అన్నీ మోగుతాయి. కాబట్టి:

ముందు వంటగది తలుపు మూయండి, అది అసలైన పని. కిటికీ తీయండి, పొయ్యి పైన ఫ్యాన్ వేయండి. చిన్న గిన్నెలో నూనె తక్కువ వేసి, మధ్యస్థ వేడి మీద పెట్టండి. ఎలక్ట్రిక్ పొయ్యి ఆపినా కాసేపు వేడిగానే ఉంటుంది, అందుకని ఆవాలు చిటపటమన్న వెంటనే గిన్నెని పక్కకి దించి, ఆ వేడితోనే జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేసి మూత పెట్టేయండి. అలారానికి సాక్స్ తొడగడం, కవర్ చుట్టడం లాంటి తెలివితేటలు చూపించొద్దు. జరిమానా సంగతి తర్వాత, నిజంగా మంటలొస్తే పైన పడుకున్నవాళ్ల పరిస్థితి ఆలోచించండి.

పాలు, గుడ్లు, ఉల్లిపాయలు, టమాటాలు ఆల్డీ, లిడిల్‌లో కొనండి. సోనా మసూరి, కందిపప్పు, చింతపండు, పచ్చిమిర్చి, కరివేపాకు కోసం వుడ్‌ల్యాండ్స్ వైపో, సౌత్‌సైడ్‌లో పొల్లాక్‌షీల్డ్స్ ఆల్బర్ట్ డ్రైవ్, గోవన్‌హిల్ అల్లిసన్ స్ట్రీట్ వైపో వెళ్లాలి. అక్కడ మనకి కావాల్సినవి చాలావరకు దొరుకుతాయి, నలుగురు కలిసి పెద్ద బస్తా కొంటే గిట్టుబాటు. సూపర్‌మార్కెట్‌లో రాత్రి పూట ఆ రోజుతో గడువు తీరేవాటికి పసుపు స్టిక్కర్ అంటించి ధర తగ్గిస్తారు. ఏ షాపులో ఏ టైముకి అంటిస్తారో కనిపెట్టడం ఒక కళ, నాకు రెండు నెలలు పట్టింది. సంచి మరిచిపోతే డబ్బులు కట్టి కొనాలి, కోటు జేబులో ఒకటి మడిచి పెట్టుకోండి.

నీళ్ల బాటిళ్లు కొనొద్దు. 1859 నుంచి గ్లాస్గో తాగేది లాక్ కాట్రిన్ చెరువు నీళ్లు, కుళాయి తిప్పి నేరుగా తాగండి.

పెరుగు మాత్రం పేచీ పెడుతుంది. మా గదిలో చలికి తోడు పెట్టిన పాలు తెల్లారేసరికి పాలుగానే ఉండేవి. చివరికి దారి దొరికింది: పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు, మామూలు కంటే ఎక్కువ తోడు వేసి, గిన్నెని తువ్వాలులో చుట్టి బాయిలర్ ఉన్న అలమరలో పెట్టాలి. అలమర లేకపోతే అవెన్‌లో, అవెన్ ఆన్ చేయకుండా లోపలి లైటు మాత్రం వేసి. దోశ పిండి పులవడానికీ ఇదే పద్ధతి. అవెన్ మీద "లోపల పిండి ఉంది" అని ఇంగ్లీషులో చీటీ అంటించండి, లేకపోతే రూమ్‌మేట్ పిజ్జా కోసం 220 డిగ్రీలు పెడతాడు. పెట్టాడు కాబట్టి చెప్తున్నా.

చలి కంటే చీకటి, చీకటి కంటే తడి

హైదరాబాద్‌లో బరువైన ఉన్ని కోట్లు కొని సూట్‌కేస్ నింపకండి. ఇక్కడ కావాల్సింది నీళ్లు లోపలికి రాని, టోపీ ఉన్న జాకెట్. వాన పక్క నుంచి కొడుతుంది, గొడుగు మొదటి వారంలోనే తిరగబడుతుంది. వాడిన బట్టలు అమ్మే ఛారిటీ షాపుల్లో మంచి జాకెట్లు చవగ్గా దొరుకుతాయి, సిగ్గుపడాల్సిందేం లేదు, ఇక్కడివాళ్లూ కొంటారు.

డిసెంబర్‌లో పొద్దున్న ఎనిమిదీ ముప్పావుకి తెల్లవారి, మధ్యాహ్నం మూడూ ముప్పావుకి పొద్దుగుంకుతుంది. లైబ్రరీలో కూర్చుంటే ఆ రోజు సూర్యుణ్ణి చూడనట్టే. రోజూ మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య ఇరవై నిమిషాలు బయట నడవండి, శీతాకాలమంతా విటమిన్ డి రోజుకి 10 మైక్రోగ్రాములు వేసుకోండి. కారణం లేకుండా ఏడుపొస్తోందంటే బలహీనత అనుకోకుండా యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కి రాయండి. అక్టోబర్ చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి వెళ్తుంది, ఇండియాతో తేడా నాలుగున్నర నుంచి ఐదున్నర గంటలకి మారుతుంది. ఇంట్లో ముందే చెప్పండి. మా అమ్మ ఎప్పటిలాగే పొద్దున్న పదకొండున్నరకి చేసింది, నాకు తెల్లవారుజాము ఆరు.

బట్టలు గదిలో ఆరేసి కిటికీలు బిగించుకుంటే మూడు వారాల్లో గోడల మీద నల్ల బూజు. హీటర్ ఖర్చుకి భయపడి గాలి రానివ్వకపోవడం మనం చేసే పెద్ద తప్పు. రోజూ పది నిమిషాలు కిటికీ బార్లా తీయండి, బట్టలకి వారానికోసారి లాండ్రీ డ్రయ్యర్ వాడండి.

పార్ట్‌టైమ్

టర్మ్‌లో వారానికి 20 గంటలు. వారమంటే సోమవారం నుంచి ఆదివారం. ఈ వారం 24 చేసి వచ్చే వారం 16 చేస్తే సరిపోదు, మొదటి వారమే వీసా షరతు తప్పినట్టు. మాస్టర్స్‌వాళ్లకి వేసవి సెలవు కాదు, డిసర్టేషన్ రాసే నెలలు కూడా టర్మే, అప్పుడూ 20 గంటలే. ఫుడ్ డెలివరీ యాప్‌లు స్వయం ఉపాధి కిందకి వస్తాయి, స్టూడెంట్ వీసా మీద అసలు చేయకూడదు, ఇంకొకరి అకౌంట్ అద్దెకి తీసుకుని చేయడం ఇంకా పెద్ద తప్పు. "అందరూ చేస్తున్నారు" అన్నవాడు మీ వీసా పోయినప్పుడు ఫోన్ ఎత్తడు.

21 ఏళ్లు నిండినవాళ్లకి కనీస వేతనం 2025 ఏప్రిల్‌లో గంటకి 12.21 పౌండ్లు అయింది, 2026 ఏప్రిల్ నుంచి 12.71. అంతకంటే తక్కువకి, చేతికి క్యాష్ ఇస్తామనే చోట ఆగకండి. పేస్లిప్ లేకపోతే మీరు అక్కడ పని చేసినట్టే లెక్కలేదు. క్రిస్మస్ సీజన్ ఉద్యోగాలకి సెప్టెంబర్, అక్టోబర్‌లోనే తీసుకోవడం మొదలవుతుంది, అందుకని ఒక పేజీ సీవీ మొదటి వారంలోనే రాసుకోండి. ముసలివాళ్లనీ, జబ్బుపడ్డవాళ్లనీ చూసుకునే కేర్ పనులకి పీవీజీ అనే నేర చరిత్ర తనిఖీ ఉంటుంది, టైమ్ పడుతుంది. నాకు మొదటి జీతం పదకొండో వారంలో వచ్చింది. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పే "దిగిన వారంలో జాబ్" లెక్క మీద ఫీజు కట్టే ప్లాన్ వేసుకుంటే మునుగుతారు, మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకునే రండి.

చదువు, మాట

లెక్చరర్‌ని పేరు పెట్టి పిలవాలి, "సర్" అంటే వాళ్లకే ఇబ్బంది. హాజరు వీసాతో ముడిపడి ఉంటుంది, జ్వరమొస్తే మెయిల్ పెట్టండి. అసైన్‌మెంట్ గడువు పెంచమని అడగాలంటే గడువుకి ముందు అడగాలి. డబ్బులకి రాసిపెట్టేవాళ్ల జోలికి పోవద్దు.

భాష మొదటి నెల బెదరగొడుతుంది. ఐఈఎల్‌టీఎస్‌లో ఎన్ని బ్యాండ్లు వచ్చినా బిల్లింగ్ కౌంటర్ దగ్గర బిక్కమొహమే. "వీ" అంటే చిన్న, "ఐ" అంటే అవును, "మెసేజెస్" అంటే ఇంట్లోకి కొనే సరుకులు, "టీ" అంటే రాత్రి భోజనం కావచ్చు. యూనివర్సిటీ మెయిళ్లలో కనిపించే "అవుట్‌విత్" అచ్చుతప్పు కాదు, బయట అని. "హాఫ్ ఫైవ్" అంటే ఐదున్నర. అన్నిటికంటే నాకు నచ్చింది, ఇక్కడివాళ్లు "వేర్ డు యూ స్టే?" అని అడుగుతారు, అచ్చం మనలాగే, ఇల్లెక్కడ అని. స్కూల్లో మా ఇంగ్లీష్ టీచర్ ఆ మాటకి నన్ను తిట్టారు.

బయటికి తిరగడానికి వెళ్లేటప్పుడు

మూడో నెలకి అందరికీ హైలాండ్స్, అంటే ఉత్తరాన ఉన్న కొండల ప్రాంతం, పిచ్చి పడుతుంది. వెళ్లండి, కానీ నీళ్ల దగ్గర జాగ్రత్త. 2024 ఏప్రిల్‌లో డండీకి చదువుకోవడానికి వచ్చిన ఇద్దరు తెలుగు అబ్బాయిలు లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర నీళ్లలో పడి చనిపోయారు. అక్కడి రాళ్లు నాచుతో జారిపోతాయి, నీళ్లు వేసవిలో కూడా ఒళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి, ఈత వచ్చినవాడికి కూడా ఒక్కసారిగా ఊపిరి అందదు. ఫొటో కోసం అంచుకి వెళ్లొద్దు, ఎవరైనా పడితే వెనకే దూకొద్దు, 999కి చేయండి.

బయల్దేరే ముందు ఇంట్లో ఉన్నవాళ్లకి ఎక్కడికి, ఎప్పటికి తిరిగి వస్తారో చెప్పండి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. శీతాకాలంలో ఆ ఊళ్ల నుంచి ఆఖరి బస్సు సాయంత్రమే వెళ్లిపోవచ్చు, అందుకని వెళ్లే బస్సు టైమ్ కంటే ముందు తిరుగు బస్సు టైమ్ చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.